రక్తంలో మ్యుటేషన్ దొరకలేదంటే లేనట్టేనా?

ప్రశ్న: మాది భీమవరం దగ్గర పల్లె. అమ్మకు 61 ఏళ్లు. ఏనాడూ పొగ తాగి ఎరగదు. ఏడాదిన్నర క్రితం ఊపిరితిత్తుల క్యాన్సర్ అన్నారు. అడినోకార్సినోమా, నాలుగో దశ, ఎముకల్లోకీ పాకింది. బయాప్సీ ముక్క మీద చేసిన పరీక్షలో ఈజీఎఫ్ఆర్ అనే జన్యువులో ఎగ్జాన్ 19 డిలీషన్ అనే మార్పు (మ్యుటేషన్) ఉందని తేలింది. రోజుకో జెఫిటినిబ్ మాత్ర రాశారు. నెల తిరక్కుండానే దగ్గు తగ్గి అమ్మ మళ్లీ వంటింట్లో తిరిగింది. పద్నాలుగు నెలలు బాగానే గడిచాయి. ఇప్పుడు మళ్లీ ఆయాసం. స్కాన్‌లో గడ్డ పెరిగింది, కుడివైపు నీరు చేరింది. లీటరు పైనే తీశారు, అందులో క్యాన్సర్ కణాలున్నాయన్నారు. రక్తం తీసి పరీక్షకు పంపితే ఈజీఎఫ్ఆర్ మ్యుటేషన్ లేదని వచ్చింది. అంటే మొదటి రిపోర్టు తప్పా? ఇన్నాళ్లూ తప్పుడు మందు మింగించామా? ఒక డాక్టరు గారు, మ్యుటేషన్ లేదు, పాత బయాప్సీలో పీడీ-ఎల్1 అనే ప్రొటీన్ 60 శాతం ఉంది కాబట్టి ఇమ్యునోథెరపీ (ఒంటి రోగనిరోధక శక్తిని క్యాన్సర్ మీదికి తిప్పే ఇంజెక్షన్) పెడదామంటున్నారు. ఇంకొకరు మళ్లీ బయాప్సీ కావాలంటున్నారు. డల్లాస్‌లో ఉన్న అన్నయ్య, ఓసిమెర్టినిబ్ అనే కొత్త మాత్ర వేసేయండి, లేదంటే అమివాంటమాబ్ అనే ఇంజెక్షన్ అడగండి అంటాడు. మాత్ర పని చేయడం మానేసిందని అమ్మకింకా చెప్పలేదు.
— ఒక కూతురు, పశ్చిమ గోదావరి జిల్లా

సమాధానం: చూడమ్మా, ముందుగా మీ మనసులో ముల్లు తీసేస్తాను. మీ అమ్మగారికి తప్పుడు మందు వేయలేదు. అది తేల్చడానికి కొత్త రిపోర్టు అక్కర్లేదు, ఆ పద్నాలుగు నెలలే చాలు. 2009లో వెలువడిన ఐపాస్ అనే అధ్యయనం ఒకటుంది. తూర్పు ఆసియా దేశాల్లో, ఎక్కువగా పొగ తాగని వాళ్ల మీద చేశారు. జెఫిటినిబ్ వేసుకున్న వాళ్లను ఈజీఎఫ్ఆర్ మ్యుటేషన్ ఉన్నవాళ్లు, లేనివాళ్లు అని విడదీసి చూస్తే, ఉన్నవాళ్లలో 71 శాతం మందికి గడ్డ బాగా తగ్గింది. లేనివాళ్లలో తగ్గింది 1 శాతం మందికే. మ్యుటేషన్ ఉన్నవాళ్లలో కూడా సగం మందికి తొమ్మిదిన్నర నెలలకల్లా జబ్బు మళ్లీ తలెత్తింది. మీ అమ్మగారు అంతకంటే ఎక్కువ కాలమే నెట్టుకొచ్చారు. మొదటి రిపోర్టు ముమ్మాటికీ నిజం.

ఇక రెండో రిపోర్టు. మీరు పంపిన ఫొటోల్లో రెండో పేజీ తీయండి. చిన్న పట్టిక ఉంది. టీ790ఎం (క్యాన్సర్‌ను మాత్రకు లొంగకుండా చేసే మరో మార్పు) ఎదురుగా ‘నాట్ డిటెక్టెడ్’ అని ఉంది. అందరి కళ్లూ అక్కడే ఆగిపోయాయి. దాని పై వరుస చూడండి. ఎగ్జాన్ 19 డిలీషన్ ఎదురుగా కూడా అదే మాట. ఈ రిపోర్టులో నాకు అన్నిటికంటే ముఖ్యమైన గీత అదే.

ఎందుకంటే ఎగ్జాన్ 19 డిలీషన్ మీ అమ్మగారి క్యాన్సర్ పుట్టుకతోనే తెచ్చుకున్న గుర్తు. మాత్ర దాన్ని అణచిపెడుతుంది, చెరిపెయ్యదు. గడ్డ పెరుగుతోంది, నీటిలో కణాలు కనిపిస్తున్నాయి అంటే ఆ గుర్తు కూడా వాటిలో దాదాపుగా ఉండే తీరుతుంది. ఉండాల్సిందే దొరకలేదంటే, ఆ ట్యూబు రక్తంలో క్యాన్సర్ డీఎన్ఏ పరీక్షకు అందేంత లేదన్నమాట. వల ఖాళీగా వస్తే చెరువులో చేపల్లేవని మీ భీమవరంలో ఎవరైనా అంటారా? అదే ఎగ్జాన్ 19 కనిపించి, టీ790ఎం ఒక్కటే కనిపించకపోయుంటే అది వేరే సంగతి. డీఎన్ఏ అందింది, అందులో వెతికారు, లేదు అని చాలావరకు నమ్మొచ్చు. మీ చేతిలో ఉన్నది అలాంటి రిపోర్టు కాదు. అది ఉందనీ చెప్పలేదు, లేదనీ చెప్పలేదు.

రక్తంలో డీఎన్ఏ ఎందుకు అందదంటే, అన్ని గడ్డలూ ఒకేలా డీఎన్ఏను రక్తంలోకి వదలవు. కాలేయానికో మరికొన్ని చోట్లకో బాగా పాకిన జబ్బు ఎక్కువ వదులుతుంది. ఛాతీ వరకే ఉన్నదీ, మెదడులో ఉన్నదీ తక్కువ వదులుతాయి. గడ్డ ముక్కలో టీ790ఎం ఉన్నట్టు తేలినవాళ్లలోనే సుమారు మూడో వంతు మందికి, కొన్ని పరీక్షల్లో అంతకంటే ఎక్కువ మందికి, రక్తంలో అది దొరకదు. రక్తం తీసిన తీరు కూడా ఒక కారణం కావచ్చు. మామూలు ఊదారంగు మూత ట్యూబులో తీస్తే కొన్ని గంటల్లోనే ప్లాస్మా వేరు చేయాలి. లేకపోతే మన తెల్ల రక్తకణాలు చితికి, వాటి డీఎన్ఏ కలిసిపోయి, క్యాన్సర్‌ది అందులో మునిగిపోతుంది. ఈ పరీక్షకని స్ట్రెక్ అనే ప్రత్యేక ట్యూబులున్నాయి, వాటిలో రోజుల తరబడి నిలుస్తుంది. భీమవరంలో తీసిన రక్తం కొరియర్‌లో బెంగళూరో గురుగ్రామో వెళ్లిందంటే ఏ ట్యూబులో వెళ్లిందో అడగడంలో తప్పేమీ లేదు.

ఇంతకీ మాత్ర ఎందుకు పని మానేసింది? జెఫిటినిబ్, ఎర్లోటినిబ్ లాంటి తొలితరం మాత్రలు వాడినవాళ్లలో సగం మందికి పైగా కారణం ఈ టీ790ఎమ్మే. ఎగ్జాన్ 19 వాళ్లలో ఇది కాస్త ఎక్కువ కూడా. ఈజీఎఫ్ఆర్ ప్రొటీన్‌లో మాత్ర వెళ్లి కూర్చునే చోట ఒక్క అమైనో ఆమ్లం మారుతుంది, 790వ స్థానంలో థ్రియోనిన్ బదులు మెథియోనిన్ వస్తుంది. దాంతో కణానికి శక్తినిచ్చే ఏటీపీ ఆ చోటును గట్టిగా పట్టుకుంటుంది, జెఫిటినిబ్‌కు చోటు దక్కదు. ఓసిమెర్టినిబ్‌ను తయారుచేసిందే ఈ మార్పును దాటడానికి. అది 797వ స్థానంలోని సిస్టీన్‌కు అతుక్కుపోతుంది, ఊడిరాదు. మిగతా సగంలో ఎమ్ఈటీ అనే జన్యువు కాపీలు పెరగడం, ఇతర దారులు తెరుచుకోవడం, అరుదుగా క్యాన్సర్ రూపమే మారి స్మాల్ సెల్ అనే వేరే రకం అవడం లాంటివి ఉంటాయి. ఈ చివరిది ఏ రక్తపరీక్షలోనూ నేరుగా తెలియదు. సూక్ష్మదర్శిని కింద కణాల్ని చూడాల్సిందే. రెండో డాక్టరు గారు బయాప్సీ అడిగింది అందుకే. ఆయన మాట సరైనది.

అయితే సూది మళ్లీ గుచ్చక ముందు ఒక పని చేయండి. నీరు తీశారు, అందులో క్యాన్సర్ కణాలు కనిపించాయి అన్నారు కదా. ఆ పరీక్ష చేసిన ల్యాబుకు వెళ్లి ‘సెల్ బ్లాక్ చేశారా?’ అని అడగండి. నీటిని తిప్పి, అడుగున చేరిన కణాల్ని ముద్దగా చేసి, బయాప్సీ ముక్కలాగే మైనంలో పోసి దాస్తారు. అదే సెల్ బ్లాక్. అది ఉంటే మీకు కావాల్సిన ముక్క ఆసుపత్రి అల్మారాలోనే ఉన్నట్టు. దాని మీద మ్యుటేషన్ పరీక్ష చేయొచ్చు. స్మాల్ సెల్‌గా మారిందేమో తెలుసుకోవడానికి సినాప్టోఫైసిన్, క్రోమోగ్రానిన్ రంగులు వేసి చూడొచ్చు. స్లైడ్లు మాత్రమే చేసి మిగతా నీరు పారబోశారంటే, అది ఎక్కువ చోట్ల జరిగేదే, దిగులు పడకండి. అలాంటి నీరు సాధారణంగా మళ్లీ చేరుతుంది. ఆయాసం తగ్గించడానికి ఎలాగూ తీస్తారు కాబట్టి, ఈసారి అందులో నుంచి కనీసం 50–100 మిల్లీలీటర్లు, ఇంకా ఎక్కువైనా మంచిదే, సెల్ బ్లాక్‌కు వెళ్లాలని ముందే చెప్పి ఉంచండి. తీశాక చెబితే సీసా అప్పటికే బాత్రూంలో ఖాళీ అయివుంటుంది. నీటిలో కణాలు చాలకపోతే అప్పుడు సీటీ చూస్తూ గడ్డలో నుంచి ముక్క తీయించండి. ఎముక ముక్క మాత్రం చివరి దారిగా ఉంచుకోండి. ఎముకను మెత్తబరచడానికి వాడే ఆసిడ్ డీఎన్ఏను పాడుచేస్తుంది.

ఇప్పుడు నన్ను అసలు కంగారు పెట్టిన సంగతికి వస్తాను. ఇమ్యునోథెరపీ. ఆ డాక్టరు గారిని తప్పుపట్టడం నా ఉద్దేశం కాదు. కొత్త రిపోర్టు ఒక్కటే చేతిలో పెట్టుకుంటే, మ్యుటేషన్ లేదు, పీడీ-ఎల్1 60 శాతం ఉంది అంటే ఎవరైనా అదే రాస్తారు. పాత రిపోర్టు ఆయన బల్ల మీద పెట్టారా? పెట్టకపోతే రేపే పెట్టండి. ఈజీఎఫ్ఆర్ మ్యుటేషన్ ఉన్న క్యాన్సర్‌లో పీడీ-ఎల్1 ఎంత ఎక్కువ కనిపించినా పెంబ్రోలిజుమాబ్, నివోలుమాబ్ లాంటి ఇమ్యునోథెరపీ మందులు మిగతావాళ్లకు పనిచేసినట్టు పనిచేయవు. మాత్ర విఫలమయ్యాక కీమోకు వీటిని జోడించి చూసిన కీనోట్-789, చెక్‌మేట్-722 అధ్యయనాలు రెండూ చెప్పుకోదగ్గ లాభం చూపలేకపోయాయి. ఖర్చు లక్షల్లో. అంతకు మించిన ప్రమాదం ఇంకొకటుంది. ముందు ఇమ్యునోథెరపీ ఇచ్చి, ఆ వెంటనే ఓసిమెర్టినిబ్ మొదలుపెడితే ఊపిరితిత్తులు వాచిపోయే న్యుమోనైటిస్ ముప్పు బాగా పెరుగుతుంది. ఆ ఇంజెక్షన్ ప్రభావం ఒంట్లో నెలల తరబడి ఉంటుంది కాబట్టి ఒక్క డోసు ఇచ్చి ఆపేసినా వెనక్కి తీసుకున్నట్టు కాదు. రేపు సెల్ బ్లాక్‌లో టీ790ఎం దొరికిందనుకోండి, అప్పటికే ఇమ్యునోథెరపీ ఎక్కించి ఉంటే, చేతికందిన మంచి మందును భయపడుతూ వాడాల్సి వస్తుంది. ముక్క పరీక్ష తేలేదాకా ఈ ఇంజెక్షన్ వద్దని గట్టిగా చెప్పండి.

మీ అన్నయ్య మాటకు వద్దాం. పరీక్ష లేకుండా ఓసిమెర్టినిబ్ వేసేయమనడంలో ప్రేమ ఉంది గానీ లెక్క లేదు. తొలితరం మాత్ర విఫలమైన వాళ్లకు ఓసిమెర్టినిబ్ ఇచ్చి 2015లో ప్రచురించిన ఫలితాల్లో, టీ790ఎం ఉన్నవాళ్లలో 61 శాతం మందికి గడ్డ తగ్గింది, సగం మందికి తొమ్మిదిన్నర నెలలు దాటి జబ్బు అదుపులో ఉంది. టీ790ఎం లేనివాళ్లలో 21 శాతం మందికే తగ్గింది, మూడు నెలలైనా నిలవలేదు. పరీక్ష కోసం రెండు మూడు వారాలు ఆగడం, తెలియక మూడు నెలలు పోగొట్టుకోవడం, రెంటిలో ఏది నయమో ఆయన్నే అడగండి. అమివాంటమాబ్‌ను కీమోతో కలిపి ఇవ్వడమైతే ప్రధానంగా ఓసిమెర్టినిబ్ వాడి, అది విఫలమైన వాళ్లలో పరీక్షించారు. అమెరికాలో ఇప్పుడు మొదటి మందు ఎక్కువగా ఓసిమెర్టినిబ్ కాబట్టి అక్కడి డాక్టర్లు ఆయనకు చెప్పేది వాళ్ల రోగుల దారి. మీ అమ్మగారు ఇంకా ఆ మెట్టుకు రాలేదు. ఒకరకంగా అది మంచిదే, ఒక మందు ఇంకా వాడకుండా మిగిలి ఉంది.

పరీక్ష ఎలా తేలితే ఏం చేస్తారో చెబుతాను. టీ790ఎం ఉందని తేలితే జెఫిటినిబ్ ఆపి ఓసిమెర్టినిబ్, రోజుకు 80 మిల్లీగ్రాముల మాత్ర ఒకటి. 2017లో ప్రచురించిన ఆరా3 అధ్యయనంలో ఇలాంటి రోగులకే దీన్నీ కీమోనూ పోల్చి చూశారు. జబ్బు అదుపులో ఉన్న కాలం మాత్రతో 10.1 నెలలు, కీమోతో 4.4 నెలలు. మెదడులోకీ బాగానే వెళ్తుంది. మొదలుపెట్టే ముందు ఈసీజీ తీస్తారు. విరేచనాలు, గోళ్ల చుట్టూ పుళ్లు రావచ్చు. మందు మొదలయ్యాక కొత్తగా ఆయాసం వస్తే మాత్రం ఆగకుండా ఆసుపత్రికి వెళ్లాలి.

ఎగ్జాన్ 19 ఉండి టీ790ఎం లేదని తేలితే కీమో. పెమెట్రెక్సెడ్, కార్బోప్లాటిన్. కీమో అనగానే గుండె జారిపోనక్కర్లేదు, ఈ జంట చాలామంది తట్టుకునేదే, జుట్టు కూడా మొత్తంగా రాలిపోదు. మూత్రపిండాల పరీక్ష ముందే చూస్తారు. పెమెట్రెక్సెడ్‌కు వారం ముందు నుంచే ఫోలిక్ ఆసిడ్ మాత్రలు, ఒక బీ12 ఇంజెక్షన్ పడాలి. ఊరి నుంచి వెళ్లేవాళ్లు ఇది మరిచిపోయి, తీరా కీమో రోజున వెళ్లాక వెనక్కి తిరిగొస్తుంటారు, గుర్తుపెట్టుకోండి. కీమో మొదలయ్యాక జెఫిటినిబ్ కూడా కొనసాగిద్దామా అంటే వద్దు. ఇంప్రెస్ అధ్యయనం చూసింది సరిగ్గా అదే, కొనసాగించడం వల్ల ఒరిగింది లేదు. కానీ ఇప్పుడు, పరీక్ష తేలక ముందు, మాత్రను మీ అంతట మీరు ఆపకండి. పెరుగుతున్నప్పుడు కూడా అది కొన్ని కణాల్ని పట్టి ఉంచుతుంది. ఉన్నట్టుండి ఆపితే కొందరికి ఒకటి రెండు వారాల్లోనే జబ్బు ఎగదన్నుతుంది. ఏ రోజు ఆపాలో డాక్టరు గారు చెబుతారు.

స్మాల్ సెల్‌గా మారిందంటే మందు పూర్తిగా వేరు, ఎటోపొసైడ్‌తో ప్లాటినం. ఇది నూటికి కొద్దిమందిలోనే చూస్తున్నాం. అయినా చూడకుండా వదలకూడదు.

పరీక్ష ఫలితం వచ్చేలోపు ఆయాసం ముదిరితే? ఆగొద్దు. కీమో మొదలుపెట్టేయొచ్చు. పెమెట్రెక్సెడ్, కార్బోప్లాటిన్ ఒక డోసు పడినా తర్వాత ఓసిమెర్టినిబ్‌కు దారి మూసుకుపోదు. ఇమ్యునోథెరపీకీ దీనికీ తేడా అదే. ఇంకొక మాట, ఈ మలుపులో మెదడుకు ఎమ్మారై తీయించండి. తలనొప్పి లేకపోయినా సరే. ఈజీఎఫ్ఆర్ రకం మెదడుకు ఎక్కువగా పాకుతుంది, దాన్నిబట్టి మందు ఎంపికా మారుతుంది.

డబ్బు సంగతి మీరు అడగలేదు గానీ అడగాలని ఉందని ఉత్తరం చూస్తే తెలుస్తోంది. జెఫిటినిబ్ హైదరాబాద్ నాట్కో లాంటి కంపెనీల జనరిక్‌ల పుణ్యమా అని నెలకు కొన్ని వేలల్లో దొరుకుతోంది. ఓసిమెర్టినిబ్ అలా కాదు. 2024 జులై బడ్జెట్‌లో దానికి కస్టమ్స్ సుంకం ఎత్తేశారు, అయినా మామూలు ఇంటికి బరువే. కంపెనీ రోగుల సహాయ పథకం గురించి ఆసుపత్రి ఫార్మసీలో అడగండి, పూర్తి ధర కట్టేసి తర్వాత తెలుసుకుని బాధపడేవాళ్లు చాలామంది. ఎన్టీఆర్ వైద్య సేవ (పాత ఆరోగ్యశ్రీ) కార్డు ఉంటే కీమోకు ఏది వర్తిస్తుందో ఆసుపత్రిలోని ఆ పథకం సిబ్బంది చెబుతారు. విశాఖపట్నం అగనంపూడిలో టాటా మెమోరియల్ వాళ్ల హోమీ భాభా క్యాన్సర్ ఆసుపత్రి ఉంది. మీకు అందుబాటే, రెండో అభిప్రాయానికి నేను అక్కడికే వెళ్లమంటాను. బంగ్లాదేశ్ నుంచి చవగ్గా తెప్పిస్తామని వాట్సాప్‌లో వచ్చే మందు మాత్రం బిల్లు లేకుండా, డాక్టరు గారికి చూపించకుండా వేయకండి. పరీక్షల్లోనూ తెలివిగా వెళ్లొచ్చు. ఒకేసారి చాలా జన్యువుల్ని చూసే పెద్ద ఎన్‌జీఎస్ ప్యానెల్‌కు పదుల వేలవుతుంది. అంత లేకపోతే సెల్ బ్లాక్ మీద ముందు ఈజీఎఫ్ఆర్ ఒక్కటే చేయించండి, టీ790ఎం దొరికితే అక్కడితో ఆగొచ్చు.

ఇది చదివే మిగతావాళ్ల కోసం చిన్న మాట. ఇప్పుడే మొదలుపెడుతున్నవాళ్లు, ఓసిమెర్టినిబ్ కొనలేనివాళ్లు, జెఫిటినిబ్‌కు పెమెట్రెక్సెడ్, కార్బోప్లాటిన్ కలిపి ఇవ్వవచ్చా అని డాక్టరు గారిని అడగండి. ముంబయి టాటా మెమోరియల్‌లో మన రోగుల మీదే చేసిన అధ్యయనంలో జబ్బు అదుపులో ఉన్న కాలం 8 నెలల నుంచి 16 నెలలకు పెరిగింది. దుష్ఫలితాలు ఎక్కువే, అందరికీ సరిపడదు. మన దగ్గర దీని గురించి అడిగేవాళ్లు చాలా తక్కువ.

ఇక అమ్మగారికి చెప్పడం. ఆవిడకు ఆయాసం తెలుస్తోంది. వీపులో సూది గుచ్చి లీటరు నీరు తీసినప్పుడు బాగా లేదనీ తెలిసే ఉంటుంది. ఇంట్లో అందరూ గుసగుసలాడుకుంటుంటే ఊహించుకునేది అసలు సంగతి కంటే భయంకరంగా ఉంటుంది. ‘పాత మాత్ర ఇన్నాళ్లు పనిచేసింది, క్యాన్సర్ దాన్ని తప్పించుకునే దారి వెతుక్కుంది, ఏ దారో తెలుసుకుని మందు మారుస్తారు, దానికి ఇంకోసారి పరీక్ష కావాలి’ అని చెప్పండి. ఇందులో అబద్ధం ఒక్కటీ లేదు, ఆవిడకు అర్థం కానిదీ లేదు. బయాప్సీ కాగితం మీద సంతకం పెట్టాల్సింది కూడా ఆవిడే. ఈసారి డాక్టరు గారి గదిలోకి వెళ్లేటప్పుడు ఆవిణ్ని బయట బెంచీ మీద కూర్చోబెట్టి మీరొక్కరే లోపలికి వెళ్లకండి. పాత రిపోర్టు, కొత్త రిపోర్టు, స్కాన్ సీడీ, వేసుకుంటున్న మందుల చీటీ, వీటన్నిటితో పాటు అమ్మగారు కూడా లోపల ఉండాలి. మాట్లాడేది సగం ఆవిడతోనే మాట్లాడమని డాక్టరు గారికి మీరే చెప్పండి.